హాలెండువాళ్ళ సిక్కోలు మేళం

పాత రోజులు అనగానే కళ్ళు తుడుచుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏముంది ఆ రోజుల్లో? ముక్కిపోయిన బియ్యం, మురుగు కంపు, లేని గొప్పలు చెప్పుకునే పెద్దవాళ్ళు. నా అంతట నేను వాటిని తలుచుకోను. అవే వచ్చి మీద పడతాయి.

మొన్న సాయంత్రం అలాగే వచ్చి పడ్డాయి. కరెంటు ఉన్న కాసేపట్లో వంట కానిచ్చేద్దామని ఉల్లిపాయలు తరుగుతున్నాను. మా అమ్మాయి వంటింటి గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఈ మధ్య ఇక్కడ బర్మాలో ఫోనులో కూడా సగం దారులు మూసేశారు. అయినా ఆ పిల్ల ఏదో దొడ్డిదారిన పరాయి దేశాల పాటలు తెచ్చుకుంటూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఫోనులోంచి సన్నాయి లేచింది. ఒక సన్నాయి కదలకుండా ఒకే స్వరం పట్టుకుని ఉంటే, ఇంకొకటి దాని చుట్టూ మెలికలు తిరుగుతోంది. వెనక పెద్ద డోలు. నాలుగు దెబ్బలు పడేసరికి నా చెయ్యి ఆగిపోయింది. తూము దగ్గరికి పరిగెత్తి కక్కుకున్నాను.

"ఏటమ్మా, ఏటయింది? మజ్జానం తిన్నది పడలేదేటి?" అంటూ మా అమ్మాయి వీపు రాసింది.

"ఆ పాటెవులిదే?"

ఫోనులో చదివి చెప్పింది. హాలెండు దేశంలో వాయించేవాళ్ళ బృందం ఒకటట. సొంత దేశం పాటలు కాదు, ఎక్కడెక్కడి కొండ దేశాల పల్లె పాటలో నేర్చుకుని వాయించేవారట. పేరు రాకముందు, మొదట్లో వాళ్ళు చేసిన రికార్డులు ఎవరింటి అటక మీదో దొరికాయట. దుమ్ము దులిపి, గరగరలు తీసేసి ఇప్పుడు మళ్ళీ వదిలారట. బొమ్మ కూడా చూపించింది. గడ్డాలూ జులపాలూ పెంచిన తెల్ల కుర్రాళ్ళు, ఎవరి ఊరివో పూలు కుట్టిన కోట్లు తొడుక్కుని, బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నారు.

"ఈ పాట కుస్తీలకి వాయిస్తారంటమ్మా. ఒళ్ళంతా నూనె రాసుకుని కుస్తీ పడతారంట, అప్పుడు," అని నవ్వింది.

దానికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఆ నూనె కుస్తీల పాటతోనే మా అత్త మెడలో తాళి పడింది.

అప్పట్లో మా ఇల్లు మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు పట్టాలకి దగ్గరగా ఒక ఇరుకు వీధిలో ఉండేది. కింద ఇటుక గోడలు, పైన చెక్క. వీధి వైపు అడ్డగడియ ఉన్న పెద్ద తలుపు. వెనక వైపు, రెండు వరసల ఇళ్ళ వీపుల మధ్య, ఒక సందు. పై అంతస్తుల వాళ్ళు అక్కర్లేనివన్నీ అందులోకే విసిరేవారు. చేప తలలు, పిల్లల గుడ్డలు, పాచిపోయిన అన్నం, రొయ్యల్ని ఉప్పులో కుళ్ళబెట్టి చేసే నాపి అడుగు మడ్డి. వానాకాలంలో ఆ సందు ఉబ్బి, పందికొక్కులు ఈదుకుంటూ మా వెనక వసారాలోకి ఎక్కేవి. మా అమ్మ చీపురుతో కొట్టి వాటిని మళ్ళీ అందులోకే తోసేది. అందరూ ఆ వాసనకి అలవాటు పడిపోయారు. నాకు మాత్రం ఎన్నడూ అలవాటు కాలేదు.

ఆ ఇంట్లో తాత, నాయనమ్మ, అమ్మా నాన్నా, అన్నయ్య, నేను, పెళ్ళికాని బాబాయి, పెళ్ళికాని అత్త ఉండేవాళ్ళం. నాకు అప్పుడప్పుడే ఓణీలు కట్టడం మొదలుపెట్టారు. తాత ఓడరేవులో కూలీల మేస్త్రీగా చేసి మానుకున్న మనిషి. పొద్దున్న లేచింది మొదలు తమలపాకు నములుతూ పడక్కుర్చీలో కూర్చునేవాడు. కుర్చీ కింద ఒక పాలడబ్బా. ఎర్రగా, చిక్కగా, తీగలు సాగేలా అందులో ఉమ్మేవాడు. దాన్ని పారబోసి కడిగే పని నాది. ముక్కు మూసుకుంటే నాయనమ్మ తిట్టేది. "మీ తాతది నీకు రోతేటే? ఆయన రెక్కల మీద తింతన్నావు," అనేది. రోతే. ఇప్పటికీ వీధిలో గోడల మీద ఆ ఎర్ర మరకలు చూస్తే చెయ్యి జిగురుగా అనిపిస్తుంది.

దేశం తలుపులేసుకుని కూర్చున్న కాలం అది. బయటి సబ్బు, బయటి బట్ట, బయటి పాట, ఏది కావాలన్నా ఓడ మీద రావాలి. ఓడలే అరుదు. బాబాయి సేక్కాన్ రేవులో బరువులు ఎత్తే యంత్రం నడిపేవాడు. ఒకసారి బియ్యం ఎత్తుకోవడానికి వచ్చిన ఓడలో హాలెండు మెకానిక్కు ఒకడు బాబాయి ఇచ్చిన చుట్టల కట్టకి మురిసిపోయి, తన జేబులోని క్యాసెట్టు తీసి ఇచ్చాడు. దాని మీద మాకెవరికీ చదవడం రాని గొలుసుకట్టు రాత. ఇంజను నూనె వాసన. ఇల్లంతా వంతులు వేసుకుని దాన్ని వాసన చూశాం.

టేపు రికార్డరు బాబాయిదే. దానికి బ్యాటరీలు దొరికేవి కావు. దొరికినవి నీరసించిపోతే అన్నయ్యా నేనూ రేకుల మీద ఎండబెట్టేవాళ్ళం. ఎండలో వాటిలోంచి తేనె రంగులో జిగురు కారేది. అన్నయ్య పందెం కడితే ఒకసారి నాలుకతో తాకాను. సాయంత్రం దాకా నోరు మొద్దుబారి, అన్నం కూడా తుప్పు రుచి వేసింది. వానాకాలంలో ఎండ ఉండదు కాబట్టి పొయ్యి పక్కన పేర్చేవాళ్ళం. నాయనమ్మ అవి వంకాయలనుకుని ఒకనాడు కూరలో వెయ్యబోయిందని అన్నయ్య ఊరంతా చెప్పుకొచ్చాడు. అది అబద్ధం. కానీ ఆ కళ్ళకి అది చెయ్యగల పనే.

ఆ రోజు బాబాయి క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. సన్నాయిలు లేచాయి. తాత నమలడం ఆపేశాడు. నోట్లోంచి ఎర్ర రసం గెడ్డం మీదుగా బనీను మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు.

"ఓర్నాయనో," అన్నాడు. "ఇది సిక్కోలు మేళం రా!"

"కాదు నాన్నా. తెల్లోళ్ళు వాయించిందంట. ఆ మెకానిక్కే సెప్పినాడు," అన్నాడు బాబాయి.

"తెల్లోడికి సన్నాయెక్కడ్నుంచొచ్చిందిరా? ఇది మనోడే. మనూళ్ళో అమ్మోరి సంబరానికి ఇలగే ఊదుతారు. ఎవుడో రికాడు సేసుకుని పట్టుకుపోయుంటాడు. నీకేటి తెలుసు?"

ఆయనకేం తెలుసు? శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కినప్పుడు ఆయన తల్లి చంకలో పిల్లాడు. తర్వాత ఒక్కసారి కూడా తిరిగి వెళ్ళలేదు. అయినా ఇంట్లో ఎవరూ కాదనలేదు. నాన్న తలూపాడు. నాయనమ్మ లేచి టేపు రికార్డరుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. బాబాయి మొదట నవ్వాడు, నాలుగు రోజులకి అతనూ సిక్కోలు మేళమనే అనడం మొదలుపెట్టాడు.

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ముందుగది నిండిపోయేది. తాత ఈడు ముసలివాళ్ళు, రేవులో చేసి మానుకున్నవాళ్ళు, చాప మీద కూర్చుని మాడిన వేరుశనగ నూనెలో వేగిన పకోడీలు తింటూ ఆ పాట వినేవాళ్ళు. ఒకాయన అది తన మేనమామ ఊదిందే అనేవాడు. ఇంకొకాయనకి అందులో నాగావళి గట్టు కనిపించేది. అక్కడ చేరినవాళ్ళలో ఆ గట్టు చూసినవాడు ఒక్కడూ లేడు. నూనె చేతులు లుంగీలకి తుడుచుకుంటూ, త్రేన్చుకుంటూ, ఎవరిదో దేశం పాటకి వాళ్ళు ఏడుస్తుంటే చూసి అప్పుడే నాకు వెగటు పుట్టింది. వాళ్ళకి ఊరు కావాలి, ఆ ఊరు దొరికిన చోట ఏరుకున్నారు. అది ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన వెగటు తగ్గలేదు.

మా వాళ్ళలో నిజంగా సన్నాయి ఊదేవాడు ఒకాయన ఉండేవాడు. ఆయన ఇన్సేన్‌లో రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో రంగులు వేసేవాడు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న సన్నాయి. పెళ్ళిళ్ళకీ అమ్మవారి సంబరాలకీ సెలవు పెట్టి వచ్చేవాడు. నేను సన్నాయి తాత అనేదాన్ని. మంగలి కులం కాబట్టి మా ఇంట్లో ఆయనకి విస్తరి వెనక వసారాలో, ఆ సందు పక్కనే వేసేవారు. ఆయన మెతుకు వదలకుండా తిని, ఆకు మడిచి, చేతులు కడుక్కుని, "బాగుందమ్మా" అని వెళ్ళేవాడు. ఆ కంపులో కూర్చుని బాగుందనగలిగిన మనిషి.

మా అత్తకి ఆయనంటే ప్రాణం. మావా అని పిలిచేది. చిన్నప్పుడు సంబరాల్లో ఆయన ఎదురుగా చతికిలబడి, నిద్ర ముంచుకొచ్చినా లేచేది కాదట. ఆయన తన సన్నాయి ఇచ్చి ఊదమంటే, బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊది పిల్లి కూత లాంటిది ఒకటి తీసేదట. "ఊరుకోయే తల్లీ, నీ పెళ్ళికి నానే ఊదుతాన్లే. నువ్వు పీట మీద కూసుంటే సాలు," అనేవాడట. అత్త ఆ మాట పట్టుకుని కూర్చుంది.

ఆ క్యాసెట్టు వచ్చాక ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చాడు. తాత పనిగట్టుకుని పాట పెట్టించాడు. సన్నాయి తాత వసారాలోనే కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇన్నావా? అదీ ఊదడమంటే. సిక్కోలు మేళం. నువ్వూ ఉన్నావు, ఊదుతావు," అన్నాడు తాత.

"దమ్మున్నోడు బాబూ, ఎవుడో గాని," అన్నాడు ఆయన. మొహంలో ఏ బాధా లేదు. "ఇంకొక్కపాలి పెట్టించండి, ఇంటాను."

"బ్యాట్రీలు అయిపోతాయి," అని తాత ఆపించేశాడు.

తర్వాత వానాకాలంలో మిలట్రీ పాలన మీద ఊరు లేచింది. బడులు మూసేశారు. నుదుటికి ఎర్ర గుడ్డలు కట్టుకున్న పిల్లలు, సన్యాసులు, రేవు కూలీలు, కార్ఖానా మనుషులు పెద్ద వీధి నిండా నడిచేవారు. మా మేడ కిటికీ సందులోంచి చూస్తే గొడుగులూ తలలూ కనిపించేవి. ఆ తర్వాత కాల్పులు. కాలిన టైర్ల వాసన సందు కంపుతో కలిసి తిండి సయించేది కాదు. ఐదుగురి కంటే ఎక్కువ ఒక చోట చేరకూడదన్నారు. తాత వీధి తలుపుకి గడియ వేయించాడు.

"ఇది మన గొడవ కాదు," అనేవాడు. "ఎనకటికి మనోళ్ళని ఓడలెక్కించి తోలీసినారు. మిగిలినోళ్ళం మనం. తలొంచుకునుంటేనే బతుకు. ఎవుడొచ్చి తలుపు కొట్టినా తియ్యకండి."

ఆ భయం దొంగ భయం కాదు. ఆ మాట ఒప్పుకుంటాను. నాన్నా బాబాయీ ఆ ఓడల రోజుల గురించి గొంతు తగ్గించి మాట్లాడేవారు.

అత్త పెళ్ళికి ముహూర్తం ఆ శ్రావణంలోనే పెట్టారు. అప్పటికే ఒకసారి తప్పిపోయిన సంబంధం. ఈ నెల దాటితే అవతలివాళ్ళు మనసు మార్చుకుంటారని నాయనమ్మకి గుబులు. రైళ్ళు ఆగిపోయాయి. సన్నాయి తాత కార్ఖానా మనిషి చేత కబురు పంపాడు. రైలుంటే రైల్లో, లేకపోతే పట్టాల వెంట నడిచి వస్తాను, ముహూర్తం వేళకి ఉంటాను అని. అత్త ఆ కబురు తెచ్చిన మనిషికి రెండుసార్లు మజ్జిగ ఇచ్చింది.

పెళ్ళి రోజు పొద్దున్న వాన. వీధిలోంచి గుంపుగా వస్తే ప్రమాదమని మగపెళ్ళివారిని వెనక సందులోంచి రమ్మన్నారు. పెళ్ళికొడుకు పట్టు పంచె మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని ఆ మురుగులో నడిచి వచ్చాడు. వెనకాల వాళ్ళమ్మ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. పురోహితుడు కూడా అటే వచ్చాడు. అందరి కాళ్ళూ వసారాలో మా అమ్మే కడిగింది. పసుపు నీళ్ళు నల్లగా పారాయి. ఆ పక్కనే బూరెలు వేగుతున్నాయి. కొత్త నూనె దొరకలేదు, వాడిన నూనెలోనే మళ్ళీ వేశారు. పచ్చి పసుపు, పాత నూనె, సందు, చెమట, అన్నీ కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ పెళ్ళి వాసన.

ముహూర్తం దగ్గర పడింది. సన్నాయి తాత రాలేదు. అత్త పెళ్ళిబట్టల్లో గది గుమ్మం దగ్గర నిలబడి కదలనంది.

"ఒక్క గడియాగండి నాన్నా. మావొస్తానన్నాడు."

"ఆడు రాడు," అన్నాడు తాత. "పేనం తీపి ఎవుడికుండదు? రోడ్డు మీద తుపాకులు పేల్తంటే ఆడొస్తాడేటి? ఆడు నేకపోతే మనకి మేళం నేదా? సిక్కోలు మేళమే ఉంది. అంతకంటేటి కావాల నీకు?"

"నాకు మావ కావాల," అంది అత్త.

పురోహితుడు గడియారం చూసుకున్నాడు. నాయనమ్మ ఏడుపు మొదలెట్టింది. చివరికి అత్త వెళ్ళి పీట మీద కూర్చుంది. బాబాయి దాచిపెట్టిన కొత్త బ్యాటరీలు వేసి టేపు రికార్డరుని ముక్కాలి పీట మీద పెట్టాడు.

జీలకర్ర బెల్లం పెట్టేదాకా పాట మెల్లగానే నడిచింది. దూరంగా పెద్ద వీధిలో కాల్పులు వినిపిస్తున్నాయి. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు. సరిగ్గా అప్పుడు వీధి తలుపు మీద దెబ్బలు పడ్డాయి. ముందు రెండు, తర్వాత వరసగా. అరచేత్తో బాదుతున్న చప్పుడు. ఎవరో ఏదో అరుస్తున్నారు. పాటలో మాట తెలియలేదు.

పెళ్ళికొడుకు చేతులు ఆగిపోయాయి. అత్త తలెత్తి తలుపు వైపు చూసింది. "నాన్నా, తలుపు," అంది. నేను లేచాను. నాయనమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగి కూలేసింది.

తాత చెయ్యెత్తి ఊపాడు. "గట్టిమేళం! గట్టిమేళం!"

తాళి కట్టేటప్పుడు తుమ్మో, ఏడుపో, కుక్క అరుపో చెవిన పడకూడదని వాయించేది గట్టిమేళం. ఏ పెళ్ళిలోనైనా ఉండేదే. బాబాయి మీట చివరి దాకా తిప్పాడు. హాలెండు సన్నాయిలు ఆ గదిలో చెవులు చిల్లులు పడేలా మోగాయి. టేపు రికార్డరు బీటలు వారుతుందేమో అన్నంత మోత. డోలు దెబ్బలో, తలుపు దెబ్బలో తెలియలేదు. పెళ్ళికొడుకు ముడులు వేశాడు. మేమంతా అక్షింతలు వేశాం. కొంతసేపటికి ఒక్క డోలే మోగుతోందని నాకు తెలిసింది. తలుపు చప్పుడు ఆగిపోయింది.

విస్తళ్ళు వేశారు. "గుంపులోవోడెవుడో అయ్యుంటాడు," అన్నాడు నాన్న పులిహోర కలుపుకుంటూ. "తీసుంటే ఆడి ఎనకాల మిలట్రీ వచ్చీసేది." మగపెళ్ళివారు అవునన్నారు. బూరెలు బాగున్నాయన్నారు. మళ్ళీ వడ్డించమన్నారు. నెయ్యి లేదని నాయనమ్మ నొచ్చుకుంటే, పెళ్ళికొడుకు తల్లి ఈ రోజుల్లో ఇంత చెయ్యడమే గొప్ప అని మెచ్చుకుంది. వాళ్ళ వేళ్ళ మీద కారే ఆ నల్ల నూనె చూస్తూ నేను ఒక్క ముద్ద మింగలేకపోయాను. ఆ రోజు నుంచి బూరె ముట్టలేదు.

మధ్యాహ్నం వెనక సందులోంచి ఎదురింటి బర్మా ఆవిడ వచ్చింది. పెద్దమ్మని పిలిచినట్టు ఆవిణ్ణి డోడో అని పిలిచేవాళ్ళం. ఆవిడ తన కిటికీ సందులోంచి అంతా చూసింది. తడిసిపోయి, వణుకుతూ, బర్మా భాషలో గబగబా చెప్పింది.

వచ్చింది మీ సన్నాయి ఆయనే అంది. చంకలో గుడ్డ సంచి. ఒళ్ళంతా బురద. తలుపు కొట్టాడు, మీ భాషలో పిలిచాడు. లోపల పాట పెద్దదైంది. అప్పుడు కొట్టడం ఆపి, తలుపుకి చెవి ఆనించి కాసేపు విన్నాడు. విని, ఒక్కసారి తల ఊపి, మెట్టు దిగి వెళ్ళిపోయాడు. వీధి చివరికి వెళ్ళేసరికి సిపాయిలు పట్టుకుని లారీ ఎక్కించారు. నాకూ భయమేసింది, నేనూ తలుపు తియ్యలేదు, అని ఆవిడ ఏడ్చింది.

ఆ ఏడుపు ఏడ్చింది ఆవిడ ఒక్కతే.

"ఎనక సందంట రావచ్చు గదా!" అన్నాడు తాత.

"ఎనక సందని ఆయనకెవులు సెప్పినారు?" అని అత్త అరిచింది. ఎవరూ చెప్పలేదు. మగపెళ్ళివారికి చెప్పారు, పురోహితుడికి చెప్పారు, వంటకి సాయం వచ్చిన వాళ్ళకి చెప్పారు. ఆయనకి కబురు పంపాలని ఒక్కరికీ తోచలేదు. అత్త పసుపు తాడుతో వీధి గుమ్మం దాకా వెళ్ళి గడియ తీసి బయట చూసింది. వాన తప్ప ఏమీ లేదు.

సిగ్గుతో ఆ క్యాసెట్టు పొయ్యిలో పెడతారనుకున్నాను. పెట్టలేదు. ఆ తర్వాత మా వాళ్ళ ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా తాత గర్వంగా దాన్ని పంపేవాడు. సన్నాయి ఊదే మనిషి లేడు కదా, అదే మేళం అయింది. పాట అరిగిపోయి గరగరలాడేది. తాళి కట్టేటప్పుడు గరగరలు పెద్దగా మోగేవి, అందరూ అక్షింతలు వేసేవారు. నేను ఏదో వంక పెట్టి బయటికి వెళ్ళిపోయేదాన్ని.

చలికాలం వెళ్ళిపోయాక ఒక పగటిపూట సన్నాయి తాత వచ్చాడు. ఈసారి వెనక సందులోంచే. చేతిలో అరటిపళ్ళ అత్తం. అత్త పుట్టింటికి వచ్చి ఉందని ఎవరో చెబితే దీవించడానికి వచ్చాడు. మొదట నేను పోల్చుకోలేదు. మూతి లోపలికి పోయింది. ముందుపళ్ళు పైనా కిందా లేవు. మాట్లాడితే గాలి తన్నుకుంటోంది. ఆయన్ని ఎక్కడ ఉంచారో, ఏం చేశారో ఆయన చెప్పలేదు, మా వాళ్ళు అడగలేదు. ఆ నోటితో ఇక సన్నాయి ఊదలేడని మాత్రం చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

మా అమ్మ వసారాలో ఆకు వేసింది. అన్నం మెత్తగా పిసికి పెట్టింది. తాత పడక్కుర్చీ వసారా గుమ్మం దాకా జరిపించుకుని కూర్చున్నాడు. ఏదో మాట్లాడాలి కాబట్టి వానల గురించి మాట్లాడాడు.

సన్నాయి తాత తింటూ తింటూ తలెత్తాడు. "ఆ రోజు లోపల ఊదినోడెవులు బాబూ?"

తాత ఉమ్మి డబ్బా వెతుక్కుని ఉమ్మాడు. మూతి తుడుచుకున్నాడు.

"సిక్కోలోడు," అన్నాడు. "ఓడ మీదొచ్చినాడు. మనూరోడే."

నేను అక్కడే మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉన్నాను. నాన్న ఉన్నాడు. బాబాయి ఉన్నాడు. ఒక్కరూ నోరు మెదపలేదు. నా జీవితంలో మనుషుల మీద అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

సన్నాయి తాత మొహం విప్పారింది. "అలగా! ఇనీసరికే అనుకున్నాను బాబూ, మంచి దమ్మున్నోడు దొరికినాడని. మేళం ఉంది, పిల్ల పెళ్ళి జరుగుతంది, ఇంకేటి? ఊదేవోడు గట్టిమేళం మజ్జిలో ఆపకూడదు గదా. మరి నాను తలుపు కొట్టి అడ్డు పడ్డమెందుకని ఎలిపోనాను." అత్త వైపు చూసి నవ్వాడు. "నాను కాపోయినా మంచోడే ఊదినాడు తల్లీ నీ పెళ్ళికి."

అత్త చేతిలో పప్పు గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టింది.

"ఎవులూ రానేదు మావా. అది టేపు. ఆ రోజు నువ్విన్నావే, బ్యాట్రీలైపోతాయని ఆపీసినారు, ఆ టేపే."

ఆయన అర్థం కానట్టు చూశాడు. తర్వాత నెమ్మదిగా తాత వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. తెలియనిది అడుగుతున్నట్టే అడిగాడు.

"టేపయితే ఆపొచ్చు గదా బాబూ?"

తాత నములుతూనే ఉన్నాడు. నాయనమ్మ లోపల్నుంచి, "ఏటి మాటలివి, అన్నం సల్లారిపోతంది, తిననీండి," అంది. సన్నాయి తాత ఆకు మీద సగం అన్నం వదిలేసి లేచాడు. చేతులు కడుక్కున్నాడు. అత్త తల మీద చెయ్యి పెట్టాడు. ఈసారి బాగుందమ్మా అనలేదు. వచ్చిన సందులోంచే వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. అత్త తన కాపురం మానలేదు, పెనిమిటి మంచివాడే. తాత మాత్రం కుర్చీలో చాలా ఏళ్ళు బతికాడు. అత్త ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా వసారాలోనే కూర్చుని తినేది. లోపలికి రమ్మంటే వినేది కాదు. ఎందుకని తాత ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ వీధి ఇప్పుడు లేదు. ఇళ్ళు కూలగొట్టి మేడలు కట్టారు. ఆ ముసలివాళ్ళంతా పోయారు. బతికున్నవాళ్ళు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు, భోజనాలయ్యాక, పళ్ళు కుట్టుకుంటూ, ఆ రోజులు తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు. ఈమధ్య తుపాకులు మళ్ళీ పేలుతున్నాయి కాబట్టి ఆ మాటలు ఎక్కువయ్యాయి. "ఊరంతా కాల్పులు జరుగుతంటే మా ఇంట్లో పెళ్ళి చేసినాం. ఎవుడెంత తలుపు బాదినా మేళం ఆగనేదు," అని బాబాయి పిల్లలకి గొప్పగా చెబుతాడు.

నిజమే. ఎవరూ ఆపలేదు.